ఊడని గుండీ

మా బడి గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటే నాకు ఒక్క మనిషే గుర్తొస్తుంది. ఆ మనిషిని ఒక కాగితం మీద సంతకం పెట్టనందుకు బడి వాళ్లు ఇంటికి పంపేశారు. కాబట్టి ఇది బడి గురించి కాదు, ఆవిడ గురించి. రాస్తూ రాస్తూ మధ్యలో నాకు కోపం వస్తే సర్దుకోను. ఆ కోపంలో సగం నా మీదే.

ఆవిడ మా బడి ఆయమ్మ. పిల్లలు ఆయమ్మ అనేవాళ్లు. మేము స్టాఫ్ రూములో చాటుగా సూదమ్మ అనేవాళ్లం, ఆవిడకు తెలియదనుకుని. నీలం కోటు జేబులో ఎప్పుడూ ఒక చిన్న రేకు డబ్బా ఉండేది. అందులో రెండు సూదులు, నల్లదారం, తెల్లదారం, మొండి కత్తెర, గుప్పెడు గుండీలు. వయసులో ఉన్నప్పుడు చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో పదకొండేళ్లు గుండీల బల్ల దగ్గరే కూర్చుంది. "లోకంలో సగం మంది మగాళ్ల గుండెల మీద నా చెయ్యి పడింది టీచరమ్మా, ఒక్కడికీ తెలియదు" అని నవ్వేది. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక మా బడికి వచ్చింది. అప్పటి నుంచి ఇరవై ఏళ్లు గంట కొట్టింది, బాత్రూములు కడిగింది, గేటు కాసింది.

గేటు కాయడమంటే మామూలుగా కాదు. చీటీ లేనిదే గాలిని కూడా లోపలికి పోనివ్వదని మేము ఎగతాళి చేసేవాళ్లం. ఒకసారి హెడ్‌మిస్ట్రెస్ సొంత తమ్ముడిని వానలో అరగంట నిలబెట్టింది. ఆయన ఎవరో చెప్పినా కదల్లేదు. "తమ్ముడైతే మేడమ్ వచ్చి చెబుతుంది. తడిస్తే ఆరతారు. పిల్లలకేమైనా అయితే ఆరేది కాదు" అంది. ఆ హెడ్‌మిస్ట్రెస్‌ను మేమందరం పెద్ద మేడమ్ అంటాం. ఆ తమ్ముడి సంగతి పెద్ద మేడమ్ మర్చిపోలేదని నాకు చాలా తర్వాత అర్థమైంది.

పెళ్లయిన ఆరేళ్లకే ఆయమ్మ భర్త పోయాడు. పిల్లల్లేరా పాపం అని ఎవరైనా జాలిపడితే ఒళ్లు మండేది ఆవిడకు. "నాలుగొందల మంది ఉన్నారు, ఇంకా ఎక్కడ పెట్టమంటారు?" అనేది.

ఇక గుండీల సంగతి. మా బడిలో గుండీలు ఊడినంతగా మరే బడిలోనూ ఊడవని నేను చాలాకాలం అనుకున్నాను. లెక్కలు చెబుతుంటే ఎవడో ఒకడు లేచి, "టీచర్, గుండీ ఊడింది, ఆయమ్మ దగ్గరికి వెళ్లనా?" అనేవాడు. పాఠం ఎగ్గొట్టే వేషాలని విసుక్కుంటూ పంపేదాన్ని. డైరీల్లో ఎర్ర సిరాతో "గుండీలు సరిచూసి పంపగలరు" అని తల్లిదండ్రులకు రాసేదాన్ని. ఊడని గుండీలను ఎలా సరిచూసి పంపుతారో నాకు తట్టలేదు. పిల్లల చొక్కాలకేసి సరిగ్గా చూస్తేగా తట్టడానికి.

అసలు సంగతి ఆవిడ చివర్లో చెప్పింది. చాలా ఏళ్ల కిందట రెండో తరగతి పాప ఒకతె నిజంగానే గుండీ ఊడిందని వచ్చిందట. ఆయమ్మ తలవంచుకుని కుడుతుంటే, ఆ పాప ఇంట్లో తనను ఎలా కొడుతున్నారో మొత్తం చెప్పేసింది. అడగకుండానే. "కుట్టేవాళ్ల కళ్లు గుండీ మీద ఉంటాయి టీచరమ్మా. పిల్లల మొహంలోకి చూడం. వాళ్లు ఎటు చూస్తూ అయినా చెప్పుకోవచ్చు. మీరేమో ఏమైందో చెప్పు అని గడ్డం పట్టుకుని పైకెత్తుతారు." ఆ పాప నుంచి ఇంకొకరికి, వాళ్ల నుంచి మరొకరికి పాకింది. ఉన్న గుండీని పట్టుకుని ఊడిందని వస్తే, చెప్పుకోవాల్సిందేదో ఉందని అర్థం. ఆవిడ ఏమీ అడగదు. గుండీని కత్తిరించి తీసి, మళ్లీ నెమ్మదిగా కుడుతుంది. నాలుగు వందల మంది పిల్లలకు తెలిసిన ఈ సంగతి పద్నాలుగు మంది టీచర్లకు తెలియదు.

ఆ ఏడు మహమ్మారి వచ్చి బడులు మూసేశారు. పాఠాలు ఫోన్లలోకి వచ్చాయి. గేటు కాసే మనిషి ఖాళీ గేటు దగ్గర కూర్చుంది.

మా పెద్ద మేడమ్ మాత్రం ఖాళీగా కూర్చునే రకం కాదు. ఇంట్లో కూర్చుని ఫోన్లో పాఠం వినే పిల్లలకు కూడా యూనిఫాం తప్పనిసరన్నారు. అదీ పాతది పనికిరాదు, కొత్తది కొనాలి. బడి బొమ్మ వేసిన పసుపుపచ్చ టీషర్టు. నడుం కింద ఏం వేసుకున్నా కెమెరాకు కనపడదు కాబట్టి దాని జోలికి పోలేదు. బూట్లు కూడా కొనమన్నారు, ఎందుకో దేవుడికే తెలియాలి. ఆ టీషర్టులన్నీ సైజులవారీగా మడతపెట్టి సంచుల్లో వేసింది ఆయమ్మే.

తర్వాత మేడమ్‌కు ఇంకో ఆలోచన వచ్చింది. కొత్తగా చేరేవాళ్లు తగ్గిపోయారు, బడి గురించి నలుగురికీ తెలియాలి అన్నారు. ఇంటర్నెట్‌లో మా బడి పేజీలో "మా ఆన్‌లైన్ ఆణిముత్యాలు" అని ఒక జాబితా పెట్టమన్నారు. పిల్లల ఫొటో, పేరు, తరగతి, ఇంటి ఫోన్ నంబరు. నంబరెందుకు మేడమ్ అని అడిగాను. "చేర్పిద్దామనుకునేవాళ్లు ఆ తల్లిదండ్రులకే ఫోన్ చేసి కనుక్కుంటారు, మనకు ప్రచారం ఖర్చు తగ్గుతుంది" అన్నారు. నేను తల ఊపాను. మూడో తరగతి జాబితా నేనే టైపు చేశాను, ముప్ఫై రెండు పేర్లు. అక్షరదోషాలు లేకుండా రెండుసార్లు సరిచూసుకున్నాను కూడా. చీటీ లేనిదే మేడమ్ తమ్ముడిని లోపలికి రానివ్వని బడికి నేను వెనక నుంచి గోడ పడగొట్టి తలుపు తెరిచాను. ఎంత నీటుగా చేశానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నా తరగతిలో ఒక పాప ఉండేది. తొమ్మిదేళ్లు. అందరూ వసపిట్ట అనేవాళ్లు, ఆ నోటికి తాళం ఉండేది కాదు. హాజరు పిలిస్తే "ఉన్నాను టీచర్" అని ఊరుకోదు. "ఉన్నాను టీచర్, మా పిల్లి కూడా లేచింది, దానికి జలుబు చేసింది" అని చెబుతుంది. తల్లి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పనిచేసేది. రోగం ఇంటికి అంటకూడదని వాళ్లను ఆసుపత్రి వెనక గదుల్లోనే ఉంచేశారు. నెలన్నరగా ఇంటికి రాలేదు. తండ్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆఫీసులన్నీ మూసేస్తే లిఫ్టులు ఎక్కేదెవరు? పని పోయింది. రోజంతా ఇంట్లోనే ఉండేవాడు, ఊరికే కోపం వచ్చేది. పాపకు తన పాత ఫోను ఇచ్చాడు, పాఠాల కోసం. బడిలో ఇచ్చిన ఇంటి నంబరు ఆ ఫోనుదే.

మొదట్లో వసపిట్ట తెర మీద కూడా వసపిట్టే. తర్వాత ఒకరోజు కెమెరా ఆగిపోయింది. నల్ల గడిలో పేరు మాత్రం ఉండేది. హాజరు పిలిస్తే ఒక్క ముక్క, "ఉన్నా." మూడు వారాలు అంతే. రిజిస్టరులో నేను ఏం రాశానో తెలుసా? "నెట్ సమస్య."

పాఠాలకు రాని పిల్లల ఇళ్లకూ కెమెరా పెట్టని పిల్లల ఇళ్లకూ ఫోన్లు చెయ్యాలని మేడమ్ అన్నారు. వారంలో రెండు రోజులు నేనూ ఆయమ్మా ఆఫీసు గదిలో కూర్చుని చేసేవాళ్లం. ఒక్కో పిల్లకు ఒక్క నిమిషం, స్పీకరు పెట్టి మాట్లాడాలి, మేడమ్ ఎదురుగా కూర్చుని వింటారు. ఆయమ్మకు ఫోనంటే బెరుకు. తన ఎదుట లేని మనిషితో మాట్లాడాలంటే గొంతు పెంచేది, అరుస్తున్నట్టు ఉండేది.

ఆ రోజు వసపిట్ట ఇంటికి ఫోన్ చేసింది ఆవిడే. తండ్రి ఎత్తాడు. అక్కడా స్పీకరు పెట్టాడు, వెనక టీవీ వినిపిస్తోంది.

"పాపకివ్వండి నాన్నా. ఏమ్మా, అన్నం తిన్నావా? పాఠాలు వింటున్నావా?"

"వింటున్నా ఆయమ్మా. ఆయమ్మా, నా గుండీ ఊడింది."

మేడమ్ గడియారం వైపు చూశారు. ఆయమ్మ కంగారుపడింది.

"బడే లేదు కదమ్మా, ఇప్పుడు గుండీ ఎందుకు? మీ అమ్మ వచ్చాక కుట్టించుకో."

"సరే ఆయమ్మా."

నేను జాబితాలో టిక్కు పెట్టాను. తర్వాతి నంబరు కలిపాం.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం పూట, నేను స్టాఫ్ రూములో కూర్చుని లెక్కల క్లాసు చెబుతున్నాను. పక్క కుర్చీలో ఆయమ్మ గుడ్డ మాస్కులకు ఎలాస్టిక్ కుడుతోంది. మధ్యలో తలెత్తి నా తెరవైపు చూసింది. చిన్న చిన్న గడుల్లో పిల్లలు, అందరూ పసుపుపచ్చ టీషర్టుల్లో.

"వసపిట్ట ఏది?"

"అదిగో, ఆ నల్ల గడి. కెమెరా పెట్టదు."

ఆవిడ చాలాసేపు తెరకేసి చూసింది. ఒక గడి నుంచి ఇంకో గడికి, ఒక్కొక్క పిల్లాడి గొంతు దగ్గర చూసింది. సూది చేతిలోనే ఆగిపోయింది.

"వీటికి గుండీల్లేవు" అంది.

"టీషర్టులు కదా ఆయమ్మా."

"నేనే మడతపెట్టాను. నా చేత్తో. ఒక్కదానికీ గుండీ లేదు." లేచి నిలబడింది. "లేని గుండీ ఎలా ఊడుతుంది టీచరమ్మా? నాకు చెప్పింది ఆ పిల్ల. ఫోన్లో చెప్పింది. నేను మీ అమ్మతో కుట్టించుకో అన్నాను."

ఏమిటో నాకు అర్థం కాలేదు. క్లాసు నడుస్తోంది, ఏడో ఎక్కం. మాస్కులు నేల మీద పడేసి, రేకు డబ్బా జేబులో వేసుకుని ఆవిడ వెళ్లిపోయింది. బస్సుల్లేవు. వసపిట్ట ఇల్లు గంటన్నర నడక.

అక్కడ జరిగింది కొంత ఆవిడ చెప్పింది, కొంత నేను చూశాను. ఆ భవనంలో లిఫ్టు చెడిపోయి ఉంది. లిఫ్టు మెకానిక్కు ఉండే ఇంటికి నాలుగు అంతస్తులు ఎక్కి వెళ్లాలి. మోకాళ్ల నొప్పుల మనిషి, మాస్కులో ఊపిరాడక ప్రతి మలుపులోనూ ఆగుతూ ఎక్కింది. తలుపు తండ్రి తీశాడు. మాసిన బనీను, పెరిగిన గడ్డం.

"ఏంటి ఆయమ్మా, ఇంత దూరం వచ్చావు?"

"పాప గుండీ కుట్టి పోదామని."

"గుండీయా? అది టీషర్టు కదా."

"కొత్తగా పెట్టారు. గుండీ లేకపోతే హాజరు వెయ్యరంట."

ఆన్‌లైన్ క్లాసుకు బూట్లు కొనమన్న బడి మాది. అందుకే ఆయన నమ్మేశాడు. మా బడి తెలివితక్కువతనం జీవితంలో ఒక్కసారి ఒకరికి పనికొచ్చింది.

"రోగం రోజులు, లోపలికి రాను. ఇక్కడ మెట్ల మీద వెలుతురు బాగుంది. పాపను పంపండి."

వసపిట్ట వచ్చింది. పసుపుపచ్చ టీషర్టు వేసుకుని ఉంది. ఆయమ్మకు ఒక మెట్టు కింద నిలబడింది. మోచేతి నుంచి మణికట్టు దాకా సన్నటి గీతలు, కొన్ని కొత్తవి, కొన్ని నల్లబడ్డవి. ఛార్జరు వైరుతో కొడితే అలాగే తేలతాయట. ఆయమ్మ చూసింది. చూసినట్టు కనపడనివ్వలేదు. డబ్బాలోంచి ఒక తెల్లగుండీ తీసి, టీషర్టు ఎడమవైపు, ఏ అవసరమూ లేని చోట పెట్టి కుట్టడం మొదలుపెట్టింది. తల వంచుకునే ఉంది.

మొదటి రెండు కుట్లు పడ్డాయి. అప్పుడు పాప చెప్పింది, తలుపు వైపు చూస్తూ, గుసగుసగా. కొత్త లెక్కల సారునని ఒకాయన ఫోనులో మెసేజీ పెట్టాడు. నీ నంబరు బడి పేజీలోనే దొరికింది అన్నాడు, పాప పేరు, తరగతి అన్నీ సరిగ్గా చెప్పాడు. పేజీలో ఫొటో బాగాలేదు, ఇంకోటి పంపు అన్నాడు. పంపింది. ఇంకోటి అన్నాడు. తర్వాత ఏ సారూ ఏ పిల్లనీ అడగకూడని ఫొటో అడిగాడు. పంపనంది. పంపకపోతే మీ నాన్నకు ఫోన్ చేసి, నీ కూతురు పాఠాలు మానేసి మగాళ్లతో మాట్లాడుతోందని చెబుతాను అన్నాడు. చెబితే నాన్న కొడతాడు. ఫోను ఛార్జింగు అయిపోయినా కొడుతున్నాడు.

"పంపావా తల్లీ?"

"నిన్న పంపేశాను."

ఆయమ్మ చెయ్యి ఆగింది. తర్వాత మళ్లీ సూది గుచ్చింది.

"ఆ రోజు ఫోన్లో నువ్వు చెప్పావు. నాకు అర్థం కాలేదు. తప్పు నాది. నీది ఏమీ లేదు, విను, ఏమీ లేదు. నన్ను క్షమించు తల్లీ."

"మళ్లీ చెబుదామనుకున్నా ఆయమ్మా. నిమిషం అయిపోయింది."

ఈ మాట ఆవిడ నాకు చెప్పినప్పుడు నేను గడియారం వైపు చూసిన మేడమ్‌ను తిట్టుకోలేదు. నేను పెట్టిన టిక్కు గుర్తొచ్చింది.

మెట్ల మీద నుంచే నాకు ఫోన్ చేసింది. అరవలేదు. ఆవిడ ఫోనులో అంత నెమ్మదిగా మాట్లాడటం అదే మొదటిసారి. "టీచరమ్మా, పిల్లల సాయం నంబరుకి ఫోన్ చెయ్యండి. పాప వాళ్లమ్మకి కూడా. ఆవిడ నంబరు మీ రిజిస్టరులో ఉంటుంది. ఇక్కడికి రమ్మనండి." రెండు ముక్కల్లో విషయం చెప్పింది.

నేను నీళ్లు నమిలాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. "ఒక్కసారి పెద్ద మేడమ్‌ను అడిగి చేస్తాను ఆయమ్మా" అన్నాను.

"జాబితాలో నంబర్లు పెట్టేటప్పుడు ఆ పిల్లని అడిగారా?"

ఫోన్ పెట్టేసింది. నేను మేడమ్‌ను అడగలేదు. రెండు ఫోన్లూ చేసి, మా ఆయన స్కూటరు తీసుకుని నేనూ బయల్దేరాను.

నేను వెళ్లేసరికి ఆయమ్మ ఇంకా కుడుతూనే ఉంది. పాపను కదలనివ్వలేదు. కుట్టిన గుండీని కత్తిరించి, మళ్లీ కుట్టి, మళ్లీ కత్తిరించి, గంటసేపటి నుంచి అదే గుండీ. తండ్రి రెండుసార్లు వచ్చి ఇంకా అవలేదా అని అడిగాడట. "పాడు గుడ్డ నాన్నా, సాగుతోంది, గుండీ నిలవట్లేదు" అని చెప్పి పంపేసింది. ఇరవై ఏళ్లు గేటు కాసిన మనిషి ఆ రోజు ఒక మెట్టు కాసింది. పాపకూ ఆ తలుపుకూ మధ్యలో కూర్చుంది.

సాయం కేంద్రం నుంచి ఒకావిడ వచ్చింది. ఆమె వెనకే తల్లి. ఆసుపత్రి గౌను మీదే పరిగెత్తుకొచ్చింది, ఒంటి నిండా బ్లీచింగ్ వాసన. కూతుర్ని ముట్టుకోవచ్చో కూడదో తెలియక రెండు మెట్ల కింద ఆగిపోయి ఏడ్చింది. పాపే దిగి వెళ్లి పట్టుకుంది.

తండ్రి బయటికి వచ్చాడు. ఫోను సంగతి తెలియగానే అతని కళ్లు ఎర్రబడ్డాయి. "నాకు చెప్పకుండా ఇదంతా చేసిందా?" అని కూతురి వైపు ఒక అడుగు వేశాడు. ఆయమ్మ లేచి నిలబడింది. అతని భుజం దాకా కూడా రాదు ఆవిడ. చేతిలో సూది, సూదికి దారం వేలాడుతోంది.

"నీకు ఎందుకు చెబుతుంది నాయనా? చెబితే కొడతావు. అది వాడికీ తెలుసు. ఎక్కడో కూర్చున్నవాడు, మొహం కూడా తెలియనివాడు, వాడి దగ్గర ఏముంది దాన్ని భయపెట్టడానికి? కత్తి ఉందా? కర్ర ఉందా? నీ చెయ్యే ఉంది. నీ చెయ్యి అడ్డం పెట్టుకుని వాడు నీ కూతుర్ని బెదిరించాడు."

"దాని మంచి కోసమే కదా ఆయమ్మా…"

"చూడు మరి. ఎంత మంచి జరిగిందో."

అతను గోడకు చేరగిలబడి కూర్చుండిపోయాడు. అతని మీద నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగలేదు. పని పోయింది నిజమే. మా బడిలో జీతాలు సగం చేశారు, నేను ఎవరినీ వైరుతో కొట్టలేదు.

వసపిట్టను తల్లి చెల్లెలి ఇంటికి పంపారు. పాప తల్లి ఆసుపత్రి గదులు వదిలి అక్కడికే చేరింది. తండ్రి మీద కేసు నడుస్తోంది. ఫోను పోలీసులు తీసుకున్నారు. ఆ మనిషి రెండు నెలలకు దొరికాడు. వాడి దగ్గర మా జాబితా లాంటివి పదకొండు బడులవి దొరికాయట, మాలాగే ముత్యాల్లా టైపు చేసినవి. మా జాబితా నుంచే ఏడుగురు పిల్లలకు మెసేజీలు వెళ్లాయి. మిగతా ఆరుగురి ఇళ్లకు పోలీసులు వెళ్తే అందరూ ఒకటే మాట: మా పిల్లకేం కాలేదు, మా పిల్లాడికేం తెలియదు, మమ్మల్ని ఇందులోకి లాగకండి. తలుపులు వేసేసుకున్నారు. పరువు లోపల భద్రంగా ఉంది. పిల్లలు కూడా లోపలే ఉన్నారు, దాంతోపాటు.

ఇక మా పెద్ద మేడమ్. జాబితాను పేజీలోంచి ఒక్క నిమిషంలో తీయించేశారు. పెట్టడానికి రెండు రోజులు పట్టింది. తర్వాత తల్లిదండ్రులందరికీ ఒక సర్క్యులర్ పంపారు: ఫోన్ల వాడకంలో పిల్లల భద్రత పూర్తిగా తల్లిదండ్రుల బాధ్యత. జాబితా ఊసు లేదు. ఆయమ్మను పిలిపించి ఇంకో కాగితం ముందు పెట్టారు. అనుమతి లేకుండా విద్యార్థిని ఇంటికి వెళ్లినందుకు, మహమ్మారి నిబంధనలు మీరి విద్యార్థినికి అడుగు దూరంలో కూర్చున్నందుకు, బడి పేరుకు నష్టం కలిగించినందుకు క్షమాపణ. సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది. నేనూ ఆ గదిలోనే ఉన్నాను.

ఆయమ్మ కాగితాన్ని కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది.

"క్షమాపణ నేను చెప్పేశాను మేడమ్. ఎవరికి చెప్పాలో వాళ్లకి. మెట్ల మీద." కాగితం వెనక్కి జరిపింది. "ఇంక మీరు చెప్పాలి. ముప్ఫై రెండు మందికి."

"జాబితా టైపు చేసింది నేను మేడమ్" అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. మేడమ్ నా వైపు చూడను కూడా లేదు. "మీరు క్లాసుకు వెళ్లండి" అన్నారు. నేను వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది.

గేటు దగ్గర నీలం కోటు విప్పి మడతపెట్టి ఇచ్చేసింది ఆవిడ. గుండీల సంగతంతా అప్పుడే చెప్పింది, ఆ గేటు దగ్గర నిలబడి. చివర్లో రేకు డబ్బా తీసి నా చేతిలో పెట్టింది.

"మీరు జాబితాలు బాగా రాస్తారు టీచరమ్మా. ఇప్పుడు కుట్టడం నేర్చుకోండి."

చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. ముప్ఫై రెండు ఇళ్లకూ నేనే ఫోన్లు చేశాను, నిమిషం లెక్క లేకుండా. జాబితా రాసింది నేనేనని చెప్పాను. కొందరు తిట్టారు, కొందరు ఫోన్ పెట్టేశారు. వసపిట్ట వాళ్లమ్మ మాత్రం ఫోను పాపకు ఇచ్చింది.

బడి తెరిచిన రోజున గేటు దగ్గర కొత్త మనిషి ఉన్నాడు. పిల్లలు మాస్కులతో, పసుపుపచ్చ టీషర్టులతో వరసగా వచ్చారు. వసపిట్ట వచ్చింది. దాని టీషర్టుకు ఎడమవైపు, ఏ అవసరమూ లేని చోట, ఒక తెల్లగుండీ ఉంది. వరండాలో నిలబడిన పెద్ద మేడమ్ అది చూశారు.

"ఆ గుండీ ఏంటి? యూనిఫాంలో అలాంటిది లేదు. తీయించండి."

"తీయించను" అన్నాను.

"ఏమన్నారు?"

"తీయించను మేడమ్. కావాలంటే నా దగ్గర కూడా ఒక కాగితం మీద సంతకం అడగండి."

మేడమ్ లోపలికి వెళ్లిపోయారు. కాగితం ఇంకా రాలేదు. వస్తే రానివ్వండి.

రెండో పీరియడులో, ఏడో ఎక్కం చెప్పిస్తుంటే, వెనక బెంచీలోంచి ఒక పిల్లాడు లేచాడు. ఏడుగురిలో ఒకడు. మా పిల్లాడికేం తెలియదు అని తలుపు వేసుకున్న ఇంటివాడు. వసపిట్ట టీషర్టుకేసి ఒకసారి చూశాడు, నాకేసి చూశాడు.

"టీచర్, నా గుండీ ఊడింది."

ఒంటి మీద టీషర్టు. గుండీకి చోటే లేదు. ఎక్కం చదవమని లీడరుకు చెప్పి, వాడిని వరండాలోకి తీసుకెళ్లాను. సూదిలో దారం ఎక్కించడానికి నాకు చాలాసేపు పట్టింది. వాడు ఓపిగ్గా నిలబడ్డాడు. నేను తల వంచుకుని మొదటి కుట్టు వేశాను.